కిర్రుమనే ఫ్లై రీల్: ఎంచుకోవడం, బిగువు పెట్టడం, వాడటం ఎలా

ఫ్లై అనే తేలికైన కృత్రిమ ఎరతో చేపలు పట్టేవాళ్లు లైన్ చుట్టుకునేది ఫ్లై రీల్. లైన్ చుట్టే చక్రం స్పూల్. స్పూల్ వెనక ఒక పళ్ల చక్రం. ఫ్రేమ్ లోపల చిన్న మేకు మీద కదిలే మూడు మూలల లోహపు ముక్క, దాని పేరు పాల్. ఆ పాల్ మొనను పళ్ల సందులోకి నొక్కి పట్టే రేకు స్ప్రింగ్. స్పూల్ తిరిగితే పన్ను పాల్‌ను పక్కకు తోస్తుంది, స్ప్రింగ్ దాన్ని తర్వాతి సందులోకి నెడుతుంది, టిక్కుమంటుంది. క్లిక్ రీల్ అంటే ఇంతే. ఇంగ్లండ్ ఉత్తరాన ఆనిక్ ఊళ్లో హార్డీ సోదరులు 1891లో పర్ఫెక్ట్ రీల్ తెచ్చిన నాటి నుంచి నేటి దాకా మూల సూత్రం మారలేదు. సీలు వేసిన డిస్క్ డ్రాగ్ (బిళ్ల రాపిడితో స్పూల్‌ను నిలువరించే బ్రేకు) రీళ్లు అంగడి నిండా ఉన్నా, చిన్న వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాళ్లలో చాలామంది దీన్ని వదలరు. చెవికి ఇంపుగా ఉండటం ఒక కారణం. ఇంకా గట్టి కారణాలు ఉన్నాయి, వాటిని కింద వరసలో చెబుతాం.

ఒక్క మాట మొదటే మనసులో పెట్టుకోండి. ఈ టిక్కు బ్రేకు కాదు. లైన్ పోయే వేగాన్ని మించి స్పూల్ తిరగకుండా చూడటమే దాని పని. చేపను ఆపేది మీ అరచేయి. ఇది తెలియక బిగువు పెంచుకుంటూ పోయేవాళ్లే సన్నని దారాలు తెంపుకుంటారు, స్ప్రింగులు విరగ్గొట్టుకుంటారు.

1. మీ చేపకు ఇది సరిపోతుందా?

3, 4, 5 నంబర్ల లైన్లు (నంబరు పెరిగితే లైన్ బరువు పెరుగుతుంది), మూర పొడవు లోపు ట్రౌట్ చేపలు, నడిచి దాటగలిగే ఏళ్లు: ఇక్కడ క్లిక్ రీల్‌ను మించింది లేదు. కారణం టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే చివరి సన్నని దారం. 11లోంచి ఎక్స్ నంబరు తీసేస్తే మిగిలేది అంగుళంలో వెయ్యో వంతుల్లో దాని మందం. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, దాదాపు 0.15 మిల్లీమీటర్లు. సుమారు 2 కిలోల లాగుడుకు తెగుతుంది, హఠాత్తుగా గుంజితే అంతకంటే తక్కువకే తెగుతుంది. నాసిరకం డిస్క్ డ్రాగ్ కొన్నాళ్లు వాడకుండా ఉంటే అతుక్కుపోతుంది, మొదటి కదలికకు అదనపు తోపుడు కావాలి. దారం తెగేది ఆ మొదటి క్షణంలోనే. క్లిక్ రీల్‌లో అతుక్కోవడానికి డిస్కే లేదు. తేలికైన స్పూల్, బలహీనమైన స్ప్రింగ్, అంతే.

మన దేశంలో హిమాచల్‌లోని తీర్థన్, కాశ్మీర్‌లోని లిద్దర్, కేరళలో మున్నార్ ఎగువ వాగులు దీనికి తగిన నీళ్లు. అక్కడ అనుమతి చీటీ తీసుకుని, వేట నిషేధ నెలలు కనుక్కున్నాకే నీళ్లలో దిగాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఏ రాష్ట్రంలో గాలం వేస్తే ఆ రాష్ట్రపు లైసెన్సు ముందుగా చూసుకోవాలి.

మహసీర్‌కు, సముద్రపు చేపలకు ఇది వద్దు. వంద గజాల పరుగు తీసే చేపకు సీలు వేసిన డిస్కే న్యాయం. సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలకు రెండు చేతుల పొడవాటి రాడ్లతో పెద్ద క్లిక్ రీళ్లు వాడేవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లకు అరచేతి పట్టు ఏళ్ల తరబడి అలవాటు. మీరు ట్రౌట్‌తో మొదలుపెట్టండి.

2. కొలత చూసుకోండి

హార్డీ లైట్‌వెయిట్ రీళ్ల కుటుంబం కొలతలు (రీల్ వ్యాసాలు) గుర్తుంటే మిగతా తయారీలను వాటితో పోల్చుకోవచ్చు: ఫ్లైవెయిట్ రెండున్నర అంగుళాలు, ఫెదర్‌వెయిట్ 2 7/8, లైట్‌వెయిట్ 3 3/16, ప్రిన్సెస్ మూడున్నర. 3, 4 నంబర్ల లైన్‌కు ఫెదర్‌వెయిట్ అంత, 5కు లైట్‌వెయిట్ అంత చాలు. లైన్ ఎక్కించిన రీల్‌ను రాడ్‌కు బిగించి, కార్కు పిడి ముందు భాగం కింద ఒక వేలు పెట్టి నిలబెట్టి చూడండి. రాడ్ కొస నేలకు వాలిపోతే రోజంతా మణికట్టు దాన్ని మోయాల్సి వస్తుంది, కాస్త బరువైన రీల్ తీసుకోండి.

స్పూల్ అంచు బయటికి కనబడుతుందా, ఫ్రేమ్ లోపల దాగి ఉందా అన్నది కొలత కంటే ముఖ్యం. అమెరికా కంపెనీ ఆర్విస్ 1971లో తెచ్చిన సీఎఫ్‌ఓ రీల్‌లో (అది కంపెనీ స్థాపకుడు చార్లెస్ ఎఫ్. ఆర్విస్ పేరు, మొదట్లో వాటిని ఇంగ్లండ్‌లో హార్డీవాళ్లే తయారుచేసేవారు) అంచు బయటే తిరుగుతుంది, అరచేయి ఆనించవచ్చు. అమెరికాలోని అక్రన్‌లో పుట్టిన పాత ఫ్లూగర్ మెడలిస్ట్ రీల్ గట్టి సరుకు, చవగ్గా దొరుకుతుంది, కానీ స్పూల్ చుట్టూ ఫ్రేమ్ కమ్మీలు ఉంటాయి, అంచు చేతికి అందదు. మొదటి క్లిక్ రీల్ కొనేవాళ్లు బయటి అంచు ఉన్నదే కొనాలి.

3. పాత రీల్ కొనేముందు

ఈ రీళ్లు యాభై ఏళ్లు పనిచేసినవి కూడా దొరుకుతాయి. డబ్బు ఇచ్చే ముందు ఈ వరసలో చూడండి.

స్పూల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కాగితం మందమంత కదలిక ఉంటే ఫరవాలేదు. అంచు వెళ్లి ఫ్రేమ్‌కు తగులుతుంటే ఇరుసు గానీ, దాని గొట్టం గానీ అరిగిపోయింది. మరమ్మతు ఖర్చు రీల్ ధరను మించవచ్చు, వదిలేయండి.

నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి వినండి. టిక్కులన్నీ ఒకే బలంతో, ఒకే ఎడంతో రావాలి. ప్రతి చుట్టులో ఒకే చోట టిక్కు తప్పితే పళ్ల చక్రానికి పన్ను విరిగింది. అన్ని చోట్లా మెత్తగా వస్తే పాల్ మొన అరిగి ఉండొచ్చు, ఎండిన పాత గ్రీజు కూడా కావచ్చు. స్పూల్ విప్పించి చూడండి. అరిగిన పాల్ మార్చుకోవచ్చు, కానీ పళ్ల చక్రం సామాన్యంగా దొరకదు.

చిన్న దెబ్బ తగిలి అంచు గుండ్రం పోయిందా అన్నది తిప్పుతూ పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. లైన్ గార్డ్ (లైన్ బయటికి వచ్చే చోట ఫ్రేమ్‌కు ఉండే రక్షణ ముక్క) మీద లైన్ కోసిన గాడి పడితే అది కొత్త లైన్‌ను కూడా గీరేస్తుంది. పాత హార్డీలలో అగేట్ రాయి గార్డు ఉంటే దాని మీద వేలిగోరు నడపండి, బీటు గోటికి తగులుతుంది. రాడ్‌కు బిగించే ఫుట్ కొసలు ఆకురాయితో అరగదీసి ఉంటే సేకరణకు విలువ తగ్గుతుంది, వాడకానికి ఇబ్బంది లేదు. స్క్రూ తలలు చితికి ఉంటే మాత్రం లోపల ఎవరో తెలియనివాళ్లు చేయి పెట్టారని అర్థం.

4. విప్పి శుభ్రం చేయండి

కొత్తదైనా పాతదైనా మొదటిసారి విప్పి చూసుకోండి. నేల మీద తువ్వాలు పరచండి. పాల్ మీ చిటికెన గోరంత కూడా ఉండదు, టేబుల్ మీద నుంచి జారితే దొరకదు. స్పూల్ మధ్యనున్న గడియను బొటనవేలితో పక్కకు నొక్కి స్పూల్‌ను నిలువుగా పైకి లాగండి. ఏదీ కదపక ముందే ఫోనుతో ఫొటో తీయండి. పాల్ ఏ మొన ఎటు చూస్తోందో తర్వాత గుర్తుండదు.

పాత గ్రీజును మెత్తటి గుడ్డతో తుడవండి. పళ్ల సందుల్లో గట్టిపడినదాన్ని పాత టూత్‌బ్రష్, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీయండి. ఇసుక రేణువు ఒక్కటి కూడా మిగలకూడదు. గ్రీజులో ఇసుక కలిస్తే అది సానపొడి అవుతుంది. ఆరాక ఇరుసు మీద పల్చటి నూనె ఒక చుక్క, పాల్ తిరిగే మేకు మీద అర చుక్క వేయండి. పళ్లకు వేలికొసకు అంటుకున్నంత గ్రీజు పూసి, మిగిలింది తుడిచేయండి.

చప్పుడు మీ చేతిలో ఉండేది ఇక్కడే. గ్రీజు ఎక్కువైతే టిక్కు మందగిస్తుంది, గది అవతల గుసగుసలా వినబడుతుంది. నూనె మాత్రమే వేస్తే ఖణేలుమంటుంది, కానీ లోహం త్వరగా అరుగుతుంది. పక్కన వేరేవాళ్లు ఉండే ఏటిలో నలుగురూ తిరిగి చూసే చప్పుడు బాగుండదనుకుంటే కొంచెం గ్రీజు పెంచండి.

5. మీ చేతివాటానికి మార్చుకోండి

మీరు కుడిచేత్తో రాడ్ పట్టి ఎడమచేత్తో చుట్టేవాళ్లా, చేయి మార్చి కుడిచేత్తోనే చుట్టేవాళ్లా? పాత బ్రిటిష్ రీళ్లు ఎక్కువగా కుడిచేతి చుట్టుకు అమర్చి వస్తాయి. ఒక పాల్ ఉన్న రీల్‌లో దాన్ని మేకు మీద నుంచి తీసి, తిరగేసి పెట్టాలి. రెండు పాల్‌లు ఉన్నదాంట్లో ఒకదాన్ని పళ్లకు దూరంగా జరిపి రెండోదాన్ని తగిలించాలి. ఆ తర్వాత లైన్ గార్డును రెండో వైపుకు మార్చడం మరవకండి. పాత పర్ఫెక్ట్‌ల వంటివి కొన్ని ఒక చేతికే చేసినవి, అవి కొనేముందే అడిగి తెలుసుకోండి.

సరిగా పెట్టారా అన్నదానికి పరీక్ష ఒక్కటే: లైన్ బయటికి పోయేటప్పుడు బరువుగా, లోపలికి చుట్టేటప్పుడు తేలిగ్గా ఉండాలి. తిరగబడి ఉంటే పాల్ తలకిందులుగా ఉంది. రెండు వైపులా సమానంగా ఉంటే మొన రెండు పక్కలా ఒకే వాలున్న పాల్ అది. కొన్ని రీళ్ల తయారీయే అంత, తప్పు కాదు.

6. లైన్ ఎక్కించండి

చిన్న స్పూల్‌లో బ్యాకింగ్ (ఫ్లై లైన్ వెనక కొసకు కట్టే సన్నని దారం) ఎంత పడుతుందో లెక్కలు కట్టేకంటే తలకిందుల పద్ధతి మేలు. ముందు ఫ్లై లైన్ చుట్టండి, కాకపోతే ఫ్లై కట్టే కొస మొదట లోపలికి పోవాలి. దాని వెనక కొసకు ముడివేసి, దానిపైన 20 పౌండ్ల లాగుడు తట్టుకునే డాక్రాన్ (పాలిస్టర్ దారం) బ్యాకింగ్ చుట్టుకుంటూ అంచుకు 4, 5 మిల్లీమీటర్లు కిందుండగా ఆపి కత్తిరించండి. ఇప్పుడు మొత్తం విప్పి, బ్యాకింగ్ కొసను స్పూల్‌కు ముడివేసి ఎదురు వరసలో ఎక్కించండి. పార్కులో రెండు చెట్ల మధ్య పరచుకుంటే చిక్కు పడదు. మామూలు 27 మీటర్ల ఫ్లై లైన్ వెనక 40 నుంచి 60 మీటర్ల బ్యాకింగ్ పడితే ట్రౌట్‌కు ధారాళం.

బ్యాకింగ్‌ను తడిగుడ్డ మధ్య నుంచి పోనిస్తూ బిగుతుగా చుట్టండి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పై చుట్టు కింది చుట్లలోకి దిగబడి ఇరుక్కుంటుంది. రాడ్ కింద వేలాడే రీల్‌లో లైన్ స్పూల్ అడుగు వైపు నుంచి ముందుకు రావాలి. పైనుంచి వస్తే వెనక్కు చుట్టారన్నమాట, పాల్ పని కూడా తలకిందులవుతుంది.

స్పూల్ మధ్య బొడిపె సన్నగా ఉంటుంది కాబట్టి లైన్ స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. ఏటి ఒడ్డున మొదటి పని పది పన్నెండు మీటర్లు బయటికి తీసి, రెండు చేతుల మధ్య బారెడేసి పట్టుకుని నెమ్మదిగా సాగదీయడం.

7. బిగువు పెట్టండి

బిగువు మార్చే మర బయట ఉన్న రీల్‌లో ముందు దాన్ని పూర్తిగా సడలించండి. రాడ్‌కు బిగించిన రీల్ నుంచి చేత్తో లైన్‌ను ఒక మీటరు జోరుగా లాగి చటుక్కున ఆపండి. స్పూల్ ఇంకా తిరిగి లోపల చుట్లు ఉబ్బితే పావు చుట్టు బిగించి మళ్లీ లాగండి. ఉబ్బడం ఆగిన చోటే ఆగాలి. ఇదే సరైన బిగువు, దీనికి మించి పనిలేదు.

అంకె కావాలంటే నీళ్ల సీసాతో కొలవచ్చు. స్పూల్ నిండుగా ఉండగా రీల్‌ను ఎత్తి పట్టుకుని, లైన్ కొసకు తేలికైన ప్లాస్టిక్ సీసా కట్టి కొంచెం కొంచెంగా నీళ్లు పోయండి. టిక్కు, టిక్కు అంటూ దిగడం మొదలైనప్పుడు సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయో దాదాపు అన్ని గ్రాముల బిగువు. 150 నుంచి 250 మధ్య ఉంటే 5ఎక్స్‌కు హాయి.

తెగే బలం 2 కిలోలుండగా ఇంత తక్కువ దేనికి? స్పూల్ ఖాళీ అయ్యేకొద్దీ బిగువు దానంతట అదే పెరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఒక చుట్టుకు 20 సెంటీమీటర్ల లైన్ పోతుంది. అడుగుకు వచ్చేసరికి చుట్టుకు 10 సెంటీమీటర్లే. చుట్టు సగమైతే అదే స్ప్రింగ్‌ను తోయడానికి రెట్టింపు లాగాలి. పైన 250 గ్రాములు పెట్టింది అడుగున అర కిలో అవుతుంది. దానికి రాడ్ గైడ్ల (రాడ్ మీద లైన్ దూరే రింగుల) రాపిడి, నీళ్లలో లైన్ ఈడ్పు, మీ అరచేయి తోడవుతాయి.

లోపలే అమర్చుకునే రీళ్లలో పాల్‌లను తగిలించడం, తీయడం, తిరగేయడంతోనే బిగువు మారుతుంది. ఏ రీల్‌లోనైనా రేకు స్ప్రింగ్‌ను ప్లయర్‌తో వంచి బిగువు పెంచకండి. వంచిన చోటే అది విరుగుతుంది, చేప మీద ఉన్నప్పుడే విరుగుతుంది.

8. చేప పడ్డాక

జానెడు చేపను రీల్ మీదకు తీసుకోవాల్సిన పనిలేదు, చేత్తో లైన్ లాక్కోండి. పెద్దది పడి, చేతిలోని వదులు లైన్ గైడ్లలోంచి పోయి రీల్‌కు తగిలాక రెండు చేతులకూ రెండు నియమాలు. రీల్ పిడి తిప్పే చేయి దాన్ని వెంటనే వదిలేయాలి. గిర్రున తిరిగే పిడి వేలి కణుపులను చితక్కొడుతుంది. తర్వాత ఆ చేతినే దొప్పలా చేసి స్పూల్ కింద పెట్టి, అంచుకు అరచేతి మెత్తని భాగాన్ని ఆనించాలి. వేళ్లతో పట్టుకోకూడదు. పట్టుకుంటే స్పూల్ ఒక్కసారిగా ఆగుతుంది, దారం తెగుతుంది. పిల్లి వీపు నిమిరినట్టు మొదలుపెట్టి, చేప నెమ్మదించిన కొద్దీ ఒత్తిడి పెంచండి. గాలిలోకి ఎగిరితే చేయి తీసేసి రాడ్ కొసను చేప వైపు వంచండి.

ఎప్పుడు ఆనించాలో ఎప్పుడు తీయాలో చెప్పేది చప్పుడే. పళ్ల చక్రానికి 30 పళ్లున్నాయనుకోండి. చేప సెకనుకు 2 మీటర్లు పరుగెత్తితే నిండు స్పూల్ సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది, 300 టిక్కులు. అన్ని టిక్కులు విడిగా వినపడవు, కలిసి ఒక స్వరమవుతాయి. అందుకే అది కిర్రుమంటుంది. అదే వేగంతో లైన్ పోతూ స్పూల్ అడుగుకు వస్తే సెకనుకు 600 టిక్కులు, అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి ఎక్కినట్టు. చేప వేగం పెరగకుండానే శ్రుతి పెరుగుతోందంటే లైన్ అయిపోవస్తోంది, ఒడ్డు వెంట చేప వెనక నడవండి. శ్రుతి దిగుతుంటే చేప అలసింది, అరచేయి ఆనించండి. స్వరం విడిపోయి విడి టిక్కులు వినబడగానే పిడి అందుకుని చుట్టండి. సాయంత్రం చీకట్లో, ఎండ మెరిసే నీళ్లలో చేప కనబడనప్పుడు ఈ చెవి లెక్కే ఆధారం. నిశ్శబ్దంగా నడిచే ఖరీదైన రీల్ ఈ సమాచారం ఇవ్వదు. తెలిసిన గాలగాళ్లు పాత రీల్‌ను పట్టుకుని వేలాడటానికి ఇదే పెద్ద కారణం.

చేప తిన్నగా మీవైపు ఈదుకొస్తే మాత్రం ఈ రీల్ వెనకబడుతుంది. చుట్టుకు 20 సెంటీమీటర్లు మించి లాగలేదు, ఎంత వేగంగా తిప్పినా వదులు పడుతుంది. అప్పుడు పిడి వదిలి చేత్తో లైన్ లాక్కోండి. వదులు పోయాక, వీలు చూసుకుని చుట్టండి.

9. ఏం చెడుతుంది, ఎందుకు

లైన్ స్పూల్‌కు, ఫ్రేమ్‌కు మధ్య సందులో దూరిందంటే బిగువు మరీ తక్కువై చుట్లు ఉబ్బాయి, లేదా బ్యాకింగ్ అంచు దాకా నింపారు. గుంజకండి. స్పూల్ తీసి లైన్ వదిలించి పెట్టండి.

ఉన్నట్టుండి చప్పుడు పోతే స్ప్రింగ్ విరిగింది, లేదా పాల్ మేకు నుంచి జారింది. రెండు పాల్‌ల రీల్ అయితే ఏటి ఒడ్డునే రెండోదాన్ని తగిలించుకోవచ్చు. ఒక్కటే ఉంటే లైన్ తీసేటప్పుడల్లా అంచు మీద వేలు ఆనించి ఆ రోజు గడపండి. ఒక పాల్, ఒక స్ప్రింగ్ చిన్న డబ్బీలో ఎప్పుడూ దగ్గరుంచుకోండి. పాల్‌ను బయట చేయించుకుంటే పళ్ల చక్రం కంటే గట్టి లోహంతో చేయించకండి. అరగాల్సింది చవకైన ముక్క, చక్రం కాదు.

గడ్డకట్టే చలిలో పాల్ దగ్గర నీళ్లు మంచయి స్పూల్ బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పకుండా రీల్‌ను ఏటి నీళ్లలో ముంచండి. పారే నీరు మంచు కంటే వెచ్చన, కరిగిపోతుంది.

దోమల మందు రాసుకున్న చేత్తో లైన్ ముట్టుకోకండి. డీట్ కలిసిన మందు లైన్ పైపూతను కరిగిస్తుంది. లైన్ జిగటైతే తిరిగి బాగుకాదు. ముంజేతి వెనక రాసుకుని, అరచేతులు కడుక్కోండి.

ఇంటికి వచ్చాక స్పూల్ విప్పి రెండు ముక్కలనూ రాత్రంతా గాలికి ఉంచండి. బ్యాకింగ్ దాకా లైన్ పోయి ఉంటే దాన్నీ విప్పి ఆరబెట్టాలి. తడి రీల్‌ను మెత్తటి సంచీలో మూసిపెడితే అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు లేస్తాయి, మెరుగు పోతుంది. సీజన్ ముగిశాక బిగువు మర పూర్తిగా సడలించి దాచండి. మళ్లీ తీసిన రోజున సీసా, నీళ్లతో ఇంకోసారి కొలిచి బిగించుకోండి.